కొట్టకపోతే చాలదు



జంతువుల పట్ల దయ అనగానే సాధారణంగా అందరికీ గుర్తుకువచ్చేది కొట్టకూడదన్న నియమమే. కర్రతో బాదేవాడు, రాయి విసిరేవాడు, మోయలేని బరువు వేసి బండి తోలేవాడు క్రూరుడని, ఆ పనులు చేయనివారంతా దయగలవారేనని అనుకోవడం లోకంలో అలవాటు. ఈ అభిప్రాయంలో సగమే నిజం ఉంది. ఎవరూ చెయ్యి ఎత్తకుండానే, ఎవరూ కర్ర పట్టకుండానే ఒక మూగజీవికి తీరని బాధ కలగవచ్చునని, ఆ బాధను మొదలుకాకముందే ఆపే మార్గం కూడా ఉందని ఇంగ్లండులోని ఒక స్వచ్ఛంద సంస్థ తన రెండు వందల ఏళ్ల కృషితో చూపించింది. ఆ సంస్థ పేరు రాయల్ సొసైటీ ఫర్ ది ప్రివెన్షన్ ఆఫ్ క్రుయెల్టీ టు యానిమల్స్. అంటే జంతుహింసను నివారించే సంఘం. క్లుప్తంగా దానిని ఆర్.ఎస్.పి.సి.ఎ. అని పిలుస్తారు. దాని చరిత్ర అంతటినీ ఒక ప్రసంగంలో చెప్పడం సాధ్యం కాదు కాబట్టి, ఆ చరిత్ర నుంచి ప్రతి ఇంటికీ పనికివచ్చే ఒక్క ఆలోచననే ఇక్కడ వివరించడం జరుగుతుంది. ఆ ఆలోచన ఇది: జంతువును కొట్టకపోతే చాలదు, దాని అవసరాలు తీర్చాలి.

ఈ ఆలోచన ఎలా పుట్టిందో తెలియాలంటే ముందుగా 19వ శతాబ్దం తొలినాళ్ల లండన్ నగరాన్ని గమనించాలి. అప్పటికి మోటారు బండ్లు లేవు. సరుకుల రవాణా, మనుషుల ప్రయాణం, మాంసం సరఫరా అన్నీ గుర్రాలు, గాడిదలు, ఎడ్ల మీదే నడిచేవి. నగరం నడిబొడ్డున ఉన్న స్మిత్‌ఫీల్డ్ పశువుల సంతకు దూరప్రాంతాల నుంచి మందలను వీధుల గుండా తోలుకువచ్చేవారు. పశువు యజమాని ఆస్తి కాబట్టి అతడు దానిని ఏం చేసినా అడిగే హక్కు మరొకరికి లేదన్నది ఆనాటి సాధారణ అభిప్రాయం. ఆ అభిప్రాయానికి మొదటి దెబ్బ 1822లో తగిలింది. ఐర్లండులోని గాల్వే నుంచి పార్లమెంటుకు ఎన్నికైన రిచర్డ్ మార్టిన్ అనే సభ్యుడి పట్టుదల వల్ల, పశువులను క్రూరంగా హింసించడాన్ని నేరంగా పరిగణించే చట్టం ఆ సంవత్సరం వచ్చింది. దానినే మార్టిన్ చట్టం అంటారు. గుర్రాలను, గాడిదలను, ఆవులను, ఎద్దులను, గొర్రెలను నిర్దాక్షిణ్యంగా కొట్టినవారికి 10 షిల్లింగులకు తగ్గకుండా 5 పౌండ్ల వరకు జరిమానా విధించడానికి, అది చెల్లించనివారిని 3 నెలలకు మించకుండా జైలులో ఉంచడానికి ఆ చట్టం వీలు కల్పించింది. కుక్కలకు, పిల్లులకు అందులో చోటు దక్కలేదు.

చట్టం వచ్చిన కొత్తలో మార్టిన్ స్వయంగా వీధుల్లో, సంతల్లో తిరిగి నేరస్థులను న్యాయస్థానానికి రప్పించేవాడు. ఆ రోజుల్లో బిల్ బర్న్స్ అనే వీధి వ్యాపారి తన గాడిదను కొట్టినందుకు విచారణకు వచ్చాడని, గాయాలు కళ్లారా చూస్తే తప్ప న్యాయాధికారులకు విషయం బోధపడదని భావించిన మార్టిన్ ఆ గాడిదనే న్యాయస్థానంలోకి నడిపించాడని చెబుతారు. ఆ దృశ్యాన్ని ఒక చిత్రకారుడు బొమ్మగా కూడా వేశాడు. నోరులేని ప్రాణి శరీరం మీది దెబ్బలే సాక్ష్యమైన ఆ సందర్భాన్ని శ్రోతలు గుర్తుంచుకోవాలి. ఎందుకంటే దెబ్బ కనిపించినప్పుడే నేరం కనిపిస్తుందన్న నమ్మకం ఆ తర్వాత చాలాకాలం చట్టాన్ని, సమాజాన్ని నడిపించింది. ఆ నమ్మకం ఎక్కడ సరిపోలేదో తెలిపే మరో గాడిద ప్రస్తావన ఈ ప్రసంగంలో తర్వాత వస్తుంది.

ఒక చట్టం పుస్తకంలో ఉన్నంత మాత్రాన అది వీధిలోకి రాదు. లండన్ మహానగర పోలీసు దళం ఏర్పడినదే 1829లో. కాబట్టి 1822 నాటి చట్టాన్ని అమలు చేయడానికి ప్రత్యేకమైన యంత్రాంగం ఏదీ లేదు. ఆ లోటు తీర్చడానికి ఆర్థర్ బ్రూమ్ అనే క్రైస్తవ మతాచార్యుడి పిలుపు మేరకు 1824 జూన్ 16న లండన్‌లోని ఓల్డ్ స్లాటర్స్ కాఫీ హౌస్ అనే కాఫీ దుకాణంలో కొందరు సమావేశమై జంతుహింస నివారణ సంఘాన్ని స్థాపించారు. బానిస వ్యాపారాన్ని రద్దు చేయించడానికి జీవితాన్ని ధారపోసిన విలియం విల్బర్‌ఫోర్స్, అదే ఉద్యమంలో ముందున్న థామస్ ఫోవెల్ బక్స్‌టన్, మార్టిన్ వారిలో ఉన్నారు. మనిషి బానిసత్వాన్ని ఎదిరించినవారే పశువు బాధను కూడా పట్టించుకోవడం యాదృచ్ఛికం కాదు. తిరిగి మాట్లాడలేని జీవి పక్షాన మాట్లాడటమే ఆ రెండు పనుల్లోనూ ఉన్న ధర్మం. బ్రూమ్ తన చర్చి ఉద్యోగాన్ని వదులుకుని సంఘానికి తొలి కార్యదర్శి అయ్యాడు. సంతల్లో తిరిగి తనిఖీ చేసేవారికి తన సొంత డబ్బుతో జీతాలిచ్చాడు. సంఘం అప్పుల్లో కూరుకుపోగా ఆ అప్పులకు బాధ్యుడిగా 1826లో జైలుకు కూడా వెళ్లాడు. ఆ కష్టకాలంలో సంఘాన్ని నిలబెట్టినవారిలో లూయిస్ గోంపర్ట్స్ ముఖ్యుడు. గుర్రాలను బాధపెట్టడం ఇష్టంలేక గుర్రపు బండి ఎక్కడమే మానివేసిన శాకాహారి ఆయన.

ఆ తర్వాత సంఘం క్రమంగా బలపడింది. 1835లో వచ్చిన కొత్త చట్టం కుక్కలకు, ఇతర పెంపుడు జంతువులకు రక్షణను విస్తరించి, ఎద్దుల మీదికి, ఎలుగుబంట్ల మీదికి కుక్కలను ఉసిగొల్పి చూసే వినోదాలను నిషేధించింది. 1840లో విక్టోరియా రాణి అనుమతితో సంఘం పేరుకు ముందు రాయల్ అన్న మాట చేరింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో గాయపడిన, జబ్బుపడిన సైనిక గుర్రాల చికిత్స కోసం సంఘం ప్రత్యేక నిధి సేకరించి సైనిక పశువైద్య విభాగానికి తోడ్పడింది. ఈ సంఘం నమూనాలోనే ఇతర దేశాల్లోనూ సంఘాలు పుట్టాయి. కలకత్తాలో కోల్స్‌వర్దీ గ్రాంట్ చొరవతో 1861లో ఏర్పడిన జంతుహింస నివారణ సంఘం భారతదేశంలో ఆ కోవకు చెందిన తొలి సంస్థ. ఈ విస్తరణ అంతా గొప్పదే అయినా దాని వెనుక ఉన్న ప్రధాన సూత్రం మాత్రం చాలాకాలం మారలేదు. బాధ కలిగింది, దానికి కారకుడు ఎవరో తేలాలి, అతడిని శిక్షించాలి అన్నదే ఆ సూత్రం.

ఇప్పుడు ఆ రెండో గాడిద విషయానికి రావాలి. గాడిద మూలం పొడి నేలలు, రాతి నేలలు. అటువంటి నేల మీద నడిచేటప్పుడు గిట్టలు ఎంత పెరిగితే అంత అరిగిపోతాయి. వానలు ఎక్కువగా కురిసే ఇంగ్లండులో, మెత్తని పచ్చిక మైదానంలో దానిని వదిలితే గిట్టలు అరగవు, పెరుగుదల మాత్రం ఆగదు. ఆరు నుంచి పది వారాలకు ఒకసారి వాటిని చెక్కి సరిచేయించాలి. నెలల తరబడి ఆ పని చేయించకపోతే గిట్ట ముందుకు సాగి, పైకి వంకర తిరిగి, పాదం నేల మీద సరిగా ఆనడం మానేస్తుంది. బరువంతా మడమ మీద పడుతుంది. కీళ్లు, నరాలు లాగుకుపోతాయి. తడికి మెత్తబడిన గిట్టలో పగుళ్లు ఏర్పడి వాటిలో చీము పడుతుంది. చివరకు ఆ జంతువు నాలుగు అడుగులు వేసి పడుకుంటుంది. ఈ గాడిదను ఎవరూ కొట్టలేదు. దాని చుట్టూ పచ్చిక ఉంది, తాగడానికి నీళ్లున్నాయి, యజమానికి దాని మీద ప్రేమ కూడా ఉండవచ్చు. అయినా బిల్ బర్న్స్ గాడిద అనుభవించిన బాధ కంటే దీని బాధ తక్కువ కాదు. తేడా అల్లా ఇక్కడ దెబ్బ లేకపోవడమే.

పాత చట్టం ఇటువంటి నిర్లక్ష్యాన్ని పూర్తిగా వదిలివేసిందని అనడానికి వీల్లేదు. 1911 నాటి జంతు సంరక్షణ చట్టం చేసిన పని వల్ల కలిగిన బాధనే కాక, చేయవలసిన పని చేయకపోవడం వల్ల కలిగిన అనవసర బాధను కూడా నేరంగానే గుర్తించింది. కాని పెంపుడు జంతువు విషయంలో ఎవరైనా జోక్యం చేసుకోవాలంటే ఆ బాధ అప్పటికే కలిగి ఉండాలి, దానికి రుజువు ఉండాలి. గిట్టలు పెరుగుతున్నాయని, ఇంకో రెండు నెలలు ఇలాగే ఉంటే ఆ జంతువు కుంటిదవుతుందని తనిఖీ అధికారికి తెలిసినా, సలహా చెప్పి వెనుదిరగడం తప్ప మరో దారి ఉండేది కాదు. చేతులు కాలిన తర్వాత ఆకులు పట్టుకున్నట్లు, జంతువు పూర్తిగా కుంగిపోయిన తర్వాతనే చట్టం కదిలేది.

ఈ పరిస్థితిని మార్చిన ఆలోచన మొదట పెంపుడు కుక్కల విషయంలో కాక, పాడి పశువులు, కోళ్ల విషయంలో మొదలైంది. 1964లో రూత్ హారిసన్ అనే రచయిత్రి యానిమల్ మెషీన్స్ అనే పుస్తకంలో, ఇరుకు గూళ్లలో కోళ్లను, చీకటి గదుల్లో దూడలను పెంచే కొత్త పద్ధతులను ప్రజల ముందు పెట్టింది. దానితో వచ్చిన కలవరం వల్ల ప్రభుత్వం ప్రొఫెసర్ బ్రాంబెల్ అధ్యక్షతన సంఘాన్ని నియమించగా, ఆ సంఘం 1965లో నివేదిక ఇచ్చింది. జంతువు లేచి నిలబడగలగాలి, పడుకోగలగాలి, వెనక్కి తిరగగలగాలి, ఒళ్లు శుభ్రం చేసుకోగలగాలి, కాళ్లు చాచుకోగలగాలి అన్నది ఆ నివేదిక కోరిన కనీస స్వేచ్ఛ. ఎంత చిన్న కోరికో గమనించాలి. అది కూడా దక్కని జంతువులు ఉండబట్టే దానిని రాతలో పెట్టవలసి వచ్చింది. 1979లో ఏర్పడిన పశు సంక్షేమ మండలి ఈ భావాన్ని విస్తరించి ఐదు స్వేచ్ఛలుగా ప్రకటించింది. ఆకలిదప్పుల నుంచి, అసౌకర్యం నుంచి, నొప్పి, గాయం, వ్యాధుల నుంచి, భయం, వేదనల నుంచి విముక్తి, వీటితోపాటు సహజ స్వభావం ప్రకారం మెలిగే స్వేచ్ఛ అందులో ఉన్నాయి. ఆర్.ఎస్.పి.సి.ఎ. కూడా 1994లో ఫ్రీడమ్ ఫుడ్ అనే పథకాన్ని ప్రారంభించి, తన ప్రమాణాల ప్రకారం పెంచిన జంతువుల నుంచి వచ్చిన గుడ్లకు, మాంసానికి గుర్తింపు ముద్ర ఇవ్వడం మొదలుపెట్టింది.

ఈ ఆలోచన ఇంట్లో పెరిగే జంతువుల దాకా వచ్చింది 2006లో. ఆ సంవత్సరం ఇంగ్లండు, వేల్స్ ప్రాంతాలకు వర్తించేలా జంతు సంక్షేమ చట్టం ఆమోదం పొందింది. 2007లో అమల్లోకి వచ్చింది. ఆర్.ఎస్.పి.సి.ఎ. ఎంతోకాలంగా కోరుతూ వచ్చిన మార్పు ఇదే. అనవసర బాధ కలిగించడం నేరమన్న పాత నియమం అలాగే ఉండగా, దాని పక్కన కొత్త బాధ్యత ఒకటి చేరింది. జంతువుకు బాధ్యుడైన ప్రతివాడూ దాని అవసరాలు తీరేలా, పరిస్థితులను బట్టి సమంజసమైన చర్యలన్నీ తీసుకోవాలని ఆ చట్టంలోని 9వ సెక్షన్ చెబుతుంది. దీనినే సంరక్షణ బాధ్యత అంటారు. ఆ అవసరాలు ఐదు. వాటిని తెలుగులో ఐదు చిన్న మాటల్లో గుర్తుపెట్టుకోవచ్చు: చోటు, మేత, తీరు, తోడు, రక్షణ. మళ్లీ ఒకసారి: చోటు, మేత, తీరు, తోడు, రక్షణ.

చోటు అంటే జంతువు నివసించడానికి తగిన పరిసరం. అది ఎండకు, చలికి, తడికి అనువుగా ఉండాలి. కారులో వదిలిన కుక్క ఇందుకు మంచి ఉదాహరణ. బయట 22 డిగ్రీల ఉష్ణోగ్రత ఉన్న రోజు మనిషికి హాయిగానే ఉంటుంది, కాని మూసిన కారు లోపల ఒక గంటలో అది 47 డిగ్రీలకు చేరవచ్చునని ఆర్.ఎస్.పి.సి.ఎ. ప్రతి వేసవిలోనూ హెచ్చరిస్తుంది. కుక్కకు మనిషికి పట్టినట్లు ఒంటినిండా చెమట పట్టదు. అది ప్రధానంగా రొప్పడం ద్వారానే వేడిని వదిలించుకుంటుంది. పీల్చే గాలే వేడెక్కినప్పుడు ఆ మార్గం కూడా మూసుకుపోతుంది. దుకాణంలోకి వెళ్లిన యజమాని క్రూరుడు కాదు, చోటు గురించి ఆలోచించనివాడు మాత్రమే.

మేత అంటే కడుపు నిండటం ఒక్కటే కాదు, ఆ జాతికి సరిపడే ఆహారం దొరకడం. కుందేలు అనగానే బొమ్మల పుస్తకాల్లో క్యారెట్ కనిపిస్తుంది, కాని క్యారెట్‌లో చక్కెర ఎక్కువ. కుందేలుకు ప్రధానాహారం గడ్డి, ఎండుగడ్డి. దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి పీచు ఉన్న గడ్డిని రోజంతా నమిలితేనే అవి అరుగుతాయి, లేకపోతే పెరిగిన పళ్లు నోటిని గాయపరచి తినడమే కష్టమవుతుంది. ప్రేమతో పెట్టిన తిండి కూడా ఆ ప్రాణికి సరిపడనిదైతే హాని చేస్తుంది.

తీరు అంటే ఆ జాతి సహజంగా మెలిగే పద్ధతి. కోడి మట్టిలో గుంట చేసుకుని దుమ్ములో పొర్లుతుంది, చీకటి పడగానే ఎత్తైన చోటికి ఎక్కుతుంది, గుడ్డు పెట్టే ముందు చాటు వెతుక్కుంటుంది. పల్లెలో పుట్టిన వారందరికీ తెలిసిన ఈ పనులు కోడికి ఆటలు కావు, అవసరాలు. రెక్క చాచడానికి కూడా వీలులేని పాతకాలపు ఇనుప గూళ్లను 2012లో ఐరోపా దేశాలతోపాటు బ్రిటన్ కూడా నిషేధించడానికి కారణం ఇదే.

తోడు అంటే సాటి జంతువులతో కలిపి ఉంచడం లేదా విడిగా ఉంచడం, ఏది తగితే అది. కుందేలు గుంపులో బతికే ప్రాణి కాబట్టి ఒంటరిగా ఉంచితే దిగులు పడుతుంది. సిరియన్ హామ్‌స్టర్ అనే చిన్న ఎలుక జాతి జంతువు ఒంటరిగా బతికేది కాబట్టి, ఎదిగిన రెండింటిని ఒకే పెట్టెలో పెడితే రక్తం వచ్చేలా కొట్లాడుకుంటాయి. ఒకదానికి దయ అయినది మరొకదానికి శిక్ష అవుతుంది. అందువల్ల తోడు విషయంలో మనిషి తన అభిరుచిని కాక జంతువు జాతి స్వభావాన్ని చూడాలి.

చివరిది రక్షణ. నొప్పి, గాయం, వ్యాధి రాకుండా చూడటం, వస్తే వెంటనే వైద్యం చేయించడం దీని కిందికి వస్తాయి. టీకాలు, నులిపురుగుల మందు, గోళ్లు, గిట్టలు చూసుకోవడం, పెరుగుతున్న కుక్కపిల్ల మెడపట్టీని ఎప్పటికప్పుడు వదులు చేయడం ఇందులోవే. మెడపట్టీని మార్చకపోతే మెడ లావెక్కే కొద్దీ అది చర్మాన్ని కోసుకుంటూ లోపలికి దిగిపోతుంది. పైన జుట్టు కప్పేయడం వల్ల పుండు వాసన వచ్చేదాకా ఇంట్లోవారికి తెలియకపోవచ్చు. వేలితో తడిమి చూడటానికి అరనిమిషం కూడా పట్టదు.

ఈ ఐదు అవసరాలూ చట్టంలో చేరడం వల్ల ఆర్.ఎస్.పి.సి.ఎ. ఇన్‌స్పెక్టర్ పని స్వభావమే మారింది. ఎవరో ఫోన్ చేసి ఒక జంతువు పరిస్థితి బాగాలేదని చెబితే ఇన్‌స్పెక్టర్ ఆ ఇంటి తలుపు తడతాడు. అతడికి యూనిఫాం ఉన్నా పోలీసు అధికారాలు లేవు, యజమాని అనుమతి లేకుండా ఇంట్లో అడుగుపెట్టే హక్కు లేదు. అనుమతి దొరికితే పడక, నీళ్లు, తిండి, ఒళ్లు, గిట్టలు, గోళ్లు వరుసగా చూస్తాడు. లోపం కనిపిస్తే ఏం చేయాలో, ఎప్పటిలోగా చేయాలో చెబుతాడు, అవసరమైతే రాసి ఇస్తాడు, గడువు తర్వాత మళ్లీ వచ్చి చూస్తాడు. తెలియక తప్పు చేసినవారు, డబ్బు ఇబ్బందుల్లో ఉన్నవారు, వయసు మీదపడి చూసుకోలేకపోతున్నవారు మాట సాయంతో, చేతి సాయంతో దారికి వస్తారు. జంతువు బాధపడుతోందని గానీ, ఇదే స్థితి కొనసాగితే బాధపడే అవకాశం ఉందని గానీ పశువైద్యుడు ధ్రువీకరిస్తే పోలీసులు దానిని స్వాధీనం చేసుకోవచ్చు. బాధపడే అవకాశం ఉందన్న ఆ ఒక్క మాటే పాత కాలానికీ కొత్త కాలానికీ మధ్య గీత. గిట్టలు వంకర తిరుగుతున్న గాడిద ఇక పూర్తిగా కుంటిదయ్యేదాకా వేచి ఉండనక్కరలేదు.

సంస్థకు విమర్శలు లేకపోలేదు. నేరాన్ని పరిశోధించే సంస్థే నేరారోపణ కూడా చేయడం సరికాదన్న వాదన బ్రిటన్‌లో చాలాకాలంగా ఉంది. 2016లో పార్లమెంటు కమిటీ ఒకటి కూడా అదే అభిప్రాయం తెలిపింది. కేసులు నడిపే పనిని ప్రభుత్వ ప్రాసిక్యూషన్ విభాగానికి అప్పగించాలన్న ఉద్దేశాన్ని సంస్థ 2021లో ప్రకటించింది. అదే సంవత్సరం జంతువులకు అనవసర బాధ కలిగించే నేరాలకు గరిష్ఠ శిక్షను 6 నెలల నుంచి 5 సంవత్సరాలకు పెంచుతూ మరో చట్టం కూడా వచ్చింది. సంస్థ ఖర్చులో అధిక భాగం ప్రజల విరాళాల నుంచి, వీలునామాల ద్వారా వచ్చే ఆస్తుల నుంచి సమకూరుతుంది. వదిలివేసిన జంతువులను చేరదీయడం, చికిత్స చేయడం, కొత్త ఇళ్లు చూపించడం, చమురు తెట్టులో చిక్కిన సముద్రపక్షులను శుభ్రం చేసి వదలడం వంటి పనులన్నీ ఆ డబ్బుతోనే నడుస్తాయి.

ఇదంతా దూరదేశపు విషయమని శ్రోతలు అనుకోకూడదు. భారతదేశంలో బ్రిటిష్ పాలనలో 1890లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత ప్రసిద్ధ నర్తకి, రాజ్యసభ సభ్యురాలు రుక్మిణీదేవి అరండేల్ పట్టుబట్టి పార్లమెంటు ముందు బిల్లు పెట్టగా, ప్రభుత్వం తానే ముందుకు వచ్చి 1960లో కొత్త చట్టం చేసింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు. ఆ చట్టంలోని 3వ సెక్షన్ ఎంతో విలువైనది. జంతువును తన సంరక్షణలో ఉంచుకున్న ప్రతి వ్యక్తీ దాని క్షేమానికి సమంజసమైన చర్యలన్నీ తీసుకోవాలని, దానికి అనవసరమైన నొప్పి, బాధ కలగకుండా చూడాలని అది 1960లోనే నిర్దేశించింది. 2014లో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు ఆ బాధ్యతను ఐదు స్వేచ్ఛల వెలుగులో వివరించింది. ఆ తర్వాత జల్లికట్టు వంటి క్రీడలను అనుమతిస్తూ రాష్ట్రాలు చేసిన సవరణలను 2023లో రాజ్యాంగ ధర్మాసనం సమర్థించిన మాట నిజమే. అయినా 3వ సెక్షన్ విధించిన బాధ్యత మాత్రం జంతువును పెంచే ప్రతివారి మీదా నేటికీ ఉంది. లోపం ఉన్నది శిక్షలో. హింసించిన వ్యక్తికి తొలి నేరానికి 10 రూపాయల నుంచి 50 రూపాయల జరిమానాతో సరిపెట్టే 11వ సెక్షన్ ఆ బాధ్యతకు తగిన బలం ఇవ్వలేదు. కాబట్టి జరిమానా భయం కంటే యజమాని వివేకమే ఇక్కడ జంతువుకు పెద్ద దిక్కు.

తెలుగు ఇళ్లలో ఆ వివేకం కొత్తగా నేర్పవలసినది కాదు. గేదెకు నల్లని చర్మం, తక్కువ చెమట గ్రంథులు ఉండటం వల్ల అది ఎండను తట్టుకోలేదని, మధ్యాహ్నం చెరువులో దించాలని, నీళ్లు తక్కువైతే ఒంటి మీద చల్లాలని పాడి రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. చోటు, తీరు అన్న రెండు అవసరాలూ ఆ ఒక్క పనిలోనే తీరుతున్నాయి. చిక్కంతా పల్లె అలవాట్లు లేని చోట వస్తుంది. మేడ మీద రేకుల కింద పగలంతా గొలుసుతో కట్టిన కాపలా కుక్క, ముచ్చటపడి కొని గాజు గిన్నెలో వదిలిన చేప, ఎగరడానికి చోటులేని పంజరంలోని పిట్ట, వీటిలో దేనినీ ఎవరూ కొట్టడం లేదు. అయినా వాటి అవసరాలు తీరడం లేదు. చదువుకోసం, ఉద్యోగం కోసం ఇంగ్లండులో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది చట్టపరమైన విషయం కూడా. అక్కడ 16 ఏళ్లు నిండని పిల్లలకు జంతువులను అమ్మరాదు. పిల్లల పేరున తెచ్చిన జంతువుకైనా చట్టం దృష్టిలో బాధ్యులు వారిని సంరక్షించే పెద్దలే. పుట్టినరోజు కానుకగా కుందేలు పిల్లను కొనే తండ్రి, ఎనిమిదేళ్లో పదేళ్లో సాగే బాధ్యతను తన మీద వేసుకుంటున్నాడని తెలుసుకోవాలి.

ముగింపుగా మొదటి మాటనే మరొకసారి చెప్పుకోవాలి. జంతువును కొట్టకపోతే చాలదు, దాని అవసరాలు తీర్చాలి. ఆ అవసరాలు ఐదు: చోటు, మేత, తీరు, తోడు, రక్షణ. కొత్తగా జంతువును తెచ్చుకోవాలనుకునేవారు ఈ ఐదింటినీ తీర్చగలమా అని ముందే ఆలోచించాలి. తీర్చలేకపోతే తెచ్చుకోకపోవడమే దయ. ఇప్పటికే ఇంట్లో, కొట్టంలో జంతువులున్నవారు ఈ రోజే ఒకసారి వాటి దగ్గరికి వెళ్లి, మెడలో పలుపు బిగిసిందేమో తడిమి చూడాలి, గిట్టలు, గోళ్లు చూడాలి, తొట్టిలో మంచినీళ్లున్నాయా, నీడ సాయంత్రం దాకా నిలుస్తుందా అని గమనించాలి. పశువుకు జబ్బు చేసినట్లు కనిపిస్తే తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ సంచార పశువైద్య సేవల కోసం ఏర్పాటైన 1962 నంబరుకు ఫోన్ చేయాలి, లేదా దగ్గరలోని పశువైద్యశాలకు తీసుకువెళ్లాలి. ఇరుగుపొరుగువారి జంతువు ఇబ్బంది పడుతుంటే నిందించడానికి కాక సాయపడటానికి ముందుగా మాట కలపాలి. జంతువు తన బాధ చెప్పుకోలేదు కాబట్టి అడిగి తెలుసుకునే బాధ్యత పెంచుకున్న మనిషిదే. ఆ బాధ్యతను ప్రతి శ్రోతా తన ఇంటి నుంచే మొదలుపెట్టాలని ఈ ప్రసంగం కోరుతోంది.